విల్లీస్ జీపుకి బ్లాకౌట్ టెయిల్ లైట్లు: రాత్రి నడిపి చూశాక

టెక్సాస్‌లో నేను బాగు చేసుకుంటున్న 1943 విల్లీస్ జీపుకి (రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యం జీపు) బ్లాకౌట్ టెయిల్ లైట్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. శత్రువు కంట పడకుండా, వెనక వచ్చే బండికి మాత్రం దూరం తెలిసేలా మసకగా వెలిగే ఎర్ర లైట్లు ఇవి. కొత్తగా చేసినవే, 6 వోల్టులవి. అమావాస్య రాత్రి స్నేహితుడి పొలం దారిలో మా బావమరిది జీపు నడుపుతుంటే, నేను వెనక కారులో మెల్లగా వెళ్లాను. దూరం నుంచి ఒక్క ఎర్రచుక్క. 180 అడుగుల లోపలికి రాగానే అది విడిపోయి ఒక జత అయింది. 60 అడుగుల్లోపు రెండు జతలు! అంటే మరీ దగ్గరికొచ్చేశామని, బ్రేకు మీద కాలు పెట్టాలని. సైన్యం పాత మాన్యువల్‌లోని ఈ దూరాల లెక్క అచ్చంగా సరిపోయింది.

అరగంటకే నా మెడ పట్టేసింది, ఒకటే టెన్షన్. 1944లో ఫ్రాన్స్‌లో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ (ముందుకెళ్తున్న సైన్యానికి సరుకులు మోసిన అమెరికా సైన్యం లారీల వరస) డ్రైవర్లు ఇలాంటి వెలుతురులో లారీలు నడిపారు. వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

ఎడమ లైటు రబ్బరు వాషర్ మాత్రం సరిగ్గా కూర్చోలేదు, లోపలికి దుమ్ము పోయింది. సైకిల్ ట్యూబు కోసి వేసుకున్నాను.