తుపాకి లైసెన్స్ పని చేసిపెడతామన్న సెంటర్‌కు రెండు స్టార్లు, అవి కూడా చాయ్‌కి, స్కానింగ్‌కి

"పెద్దాయన ఉన్నన్ని రోజులు తుపాకి నీ పేరు మీదికి రాదన్నా, ఆయన పోయినంకనే అయితది." ఆ సెంటర్‌లో పిల్లగాడు నాతో అన్న మొదటి మాట ఇది. పెద్దాయన అంటే మా నాయిన, పక్క కుర్చీలోనే కూర్చుని వాళ్లిచ్చిన చాయ్ తాగుతున్నాడు. చెవులు బాగానే వినిపిస్తాయి ఆయనకు. "అయితే ఇంకో కప్పు చాయ్ పొయ్యి బిడ్డా, జల్దీ పోతా" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే మాట మర్యాద సంగతి పక్కన పెట్టినా, ఆ పిల్లగాడు చెప్పిన రూలే తప్పు. అది తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు, ఆరున్నర వేలు ఖర్చయ్యాయి.

సెంటర్ పేరు రాయను. మహబూబ్‌నగర్‌లో ఉంది, బోర్డు మీద ఆధార్, పాన్ కార్డు, పాస్‌పోర్ట్ వరుసలో చివర "గన్ లైసెన్స్" అని కూడా రాసి ఉంటుంది. ఇట్లాంటివి ప్రతి టౌన్‌లో రెండు మూడున్నాయి, మీకు తగిలేది ఇది కాకపోవచ్చు, కానీ మాటలు మాత్రం ఇవే ఉంటాయి.

మాది మక్తల్ దగ్గర ఊరు. నాయిన దగ్గర పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకి ఉంది. ముప్పై ఏళ్లు దాటింది లైసెన్స్ తీసుకుని, అప్పుడు మా ఊరు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది కాబట్టి లైసెన్స్ పుస్తకం మీద ఆ కలెక్టర్ ముద్రే ఉంటుంది. ఇప్పుడాయనకు 72. చేతులు వణుకుతున్నాయి, ఒక కంటికి ఆపరేషన్ అయింది, తుపాకి తుడవడం కూడా నేనే తుడుస్తున్నాను (నిజానికి లైసెన్స్ లేనివాడు దాన్ని ముట్టుకోవడమే తప్పు, అందుకే ఆయన పక్కన కూర్చుంటే తప్ప తీయను). అందుకని దాన్ని నా పేరు మీదికి మార్పించుకుందామని బయల్దేరాం. ఇంతే పని.

అసలు రూల్ చెప్తాను, ఇది తెలిస్తే మీకు ఆ సెంటర్ మెట్లు ఎక్కే అవసరమే ఉండదు. 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్స్ ఉన్న మనిషి చనిపోతే వారసులకు ఇవ్వొచ్చు, అది అందరికీ తెలిసిందే. కానీ బతికుండగా కూడా ఇవ్వొచ్చు: ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకి చేతికొచ్చి 25 ఏళ్లయినా, ఈ రెండింట్లో ఏది ముందైతే అప్పుడు ఆయన కోరుకున్న వారసుడికి లైసెన్స్ ఇవ్వడానికి వీలుంది. నాయినకు రెండూ ఎప్పుడో దాటిపోయాయి. అంటే ఆ పిల్లగాడు చెప్పినట్టు మా నాయిన పోయేదాకా ఆగనవసరం లేదు. వారసుడైనా నాకు 21 ఏళ్లు నిండి ఉండాలి, పోలీసు విచారణ జరగాలి, డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, ఆయుధం భద్రంగా వాడే ట్రైనింగ్ అయినట్టు ఎస్-1 సర్టిఫికెట్ కావాలి, అవేవీ మినహాయింపు కావు.

వాళ్లకు ఇది తెలియదని నాకప్పుడే అనుమానం రావాలి, ఎందుకంటే గోడ మీద అంటించిన చార్ట్‌లో "ఒక మనిషికి మూడు తుపాకులు, లైసెన్స్ మూడేళ్లు" అనే ఉంది. 2019 డిసెంబర్‌లో చట్టం మారింది. మూడు కాదు రెండే, మూడేళ్లు కాదు ఐదేళ్లు. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోపు అప్పజెప్పాలన్నారు, ఆ గడువు 2020 డిసెంబర్‌లో అయిపోయింది. చార్ట్ మాత్రం అట్లనే ఉంది, లామినేషన్ చేయించినందుకు తీయబుద్ధి కాలేదేమో.

సరే, ఆయన పోయేదాకా ఆగలేం కాబట్టి "కొత్త లైసెన్స్ కొట్టిద్దాం అన్నా" అన్నారు. ఆరున్నర వేలు మాట్లాడుకున్నారు, గవర్నమెంట్ ఫీజు వేరే. ఆన్‌లైన్‌లో ఏ-1 ఫారం, అంటే లైసెన్స్ దరఖాస్తు, నింపారు. ఎట్లా నింపారో నాకు చూపించలేదు, ఓటీపీ వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి అడగడమే. నేనూ అడగలేదు, అది నా తప్పే.

ఆ తప్పు ఎట్లా బయటపడిందో చూడండి. ఫారంలో ఎందుకు కావాలి అన్న చోట "ప్రాణహాని" అని కొట్టారంట, అట్లా రాస్తే బలంగా ఉంటుందని వాళ్ల లెక్క. పోలీసు విచారణకు వచ్చినాయన పద్ధతిగానే ఉన్నాడు, మా అరుగు మీద కూర్చుని పుస్తకం తీసి "ఎవరితో ప్రాణహాని? పేర్లు చెప్పండి, కేసులేమన్నా ఉన్నాయా?" అని అడిగాడు. అరుగు అంటే తెలుసు కదా, మా పక్కింటోళ్లు, ఎదురింటోళ్లు, పాలు పోయడానికొచ్చిన అమ్మి, అందరూ విన్నారు. నాకు ఎవరితోనూ ప్రాణహాని లేదు సార్, నాకున్న హాని అడవి పందులతోనే, పల్లిచేను రాత్రికి రాత్రి దున్నినట్టు చేస్తున్నాయి అన్నాను. ఆయన నవ్వి రాసుకున్నాడు. కానీ సాయంత్రానికల్లా ఊళ్లో మాట వేరేగా తిరిగింది, గెట్టు పంచాయితీ ఉన్న మా దాయాది రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మా ఆయననే అనుకున్నారా అని తర్వాత ఆయన భార్య మా ఇంటామెను అడిగింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. పాత పుస్తకం చూసి జిల్లా అన్న చోట మహబూబ్‌నగర్ పెట్టేశారు. మా మండలం 2019 ఫిబ్రవరిలో ఏర్పడ్డ నారాయణపేట జిల్లాలో ఉంది. జిల్లాల్లో మామూలు లైసెన్స్ ఇచ్చేది కలెక్టర్, హైదరాబాద్ లాంటి చోట పోలీస్ కమిషనర్. మనం ఎక్కడ ఉంటున్నామో అక్కడి అధికారికే దరఖాస్తు పోవాలి. పాత ముద్ర ఏదున్నా సంబంధం లేదు. ఈ చిన్న ముక్క తెలియక మూడు నెలలు ఫైల్ తిరగాల్సిన చోట కాకుండా ఇంకో చోట తిరిగింది. అడిగితే "మేం పుస్తకంల ఉన్నదే కొట్టినం అన్నా" అంటారు. పుస్తకంలో ఉన్నదే కొట్టడానికి ఆరున్నర వేలు ఎందుకు తమ్మీ?

ఇక మా బావ సంగతి. మా అక్కను రాయచూరులో ఇచ్చాం, కృష్ణా బ్రిడ్జి దాటితే వాళ్లు. బావకు అక్కడ వ్యాపారం, రివాల్వర్ లైసెన్స్ కర్ణాటకది. మా బిడ్డ పెళ్లికి వస్తూ, రాత్రిపూట నగలతో ప్రయాణం కదా, రివాల్వర్ తెచ్చుకుంటానన్నాడు. నేను సెంటర్‌లో ఉండగానే ఫోన్ చేస్తే ఆ పిల్లగాడు మధ్యలో దూరి "ఇండియా లైసెన్స్ అన్నా, ఎక్కడైనా చెల్లుతది" అన్నాడు. ఎందుకో నా మనసు ఒప్పుకోలేదు. బావా, పుస్తకంలో ఏరియా వాలిడిటీ అని ఒక కాలం ఉంటుంది చూడు అన్నాను. చూస్తే కర్ణాటక అని మాత్రమే ఉంది. లైసెన్స్ దేశం చట్టం కింద ఇచ్చినా, చెల్లుబాటు ఆ కాలంలో రాసిన మేరకే. కొందరికి జిల్లా వరకే, కొందరికి రాష్ట్రం, కొందరికి దేశమంతా. బ్రిడ్జి మీద నది మధ్యలో బోర్డు మారుతుంది చూడండి, అక్కడి నుంచి బావ చేతిలోని రివాల్వర్ లైసెన్స్ లేని ఆయుధం లెక్కకే వస్తుంది. పెళ్లికొచ్చిన బావను పోలీస్ స్టేషన్ నుంచి విడిపించుకురావాల్సిన టెన్షన్ తప్పింది. ఆయన దాన్ని ఇంట్లో బీరువాలోనే తాళం వేసి వచ్చాడు.

దీనికి కూడా సెంటర్ దగ్గర మందుంది: "పన్నెండు వేలిస్తే ఆల్ ఇండియా చేపిస్తం." అది కొట్టించే పని కాదు, కారణం చూపించి లైసెన్సింగ్ అధికారిని అడగాల్సిన విషయం, ఇచ్చేదీ లేనిదీ వాళ్ల ఇష్టం. సరిహద్దు ఊళ్ల వాళ్లకు, గద్వాల వైపు నుంచి కర్నూలు తిరిగేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, పొద్దున పోయి సాయంత్రం వచ్చే దూరమే కదా అని ఎవరూ పుస్తకం తెరిచి చూడరు. కొన్ని రోజులు కాదు, మకామే అక్కడికి మారిస్తే కొత్త చోటి అధికారికి ఆ సంగతి తెలపాలి, అది వేరే తతంగం.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. బరాత్‌లో గాల్లోకి రెండు రౌండ్లు పేలుస్తామన్న ఉత్సాహవంతులు మా వైపు కూడా తయారయ్యారు. లైసెన్స్ తుపాకి అయినా సరే, సంబరానికి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేకపోతే రెండూ. ఇదీ 2019 సవరణలో వచ్చిందే. మా చిన్నబావమరిది ఈ మాట విని డీజేతో సరిపెట్టుకున్నాడు, దాని గోల వేరే సంగతి.

సెంటర్ గురించి మంచి కూడా చెప్పాలి కదా. కాగితాలు స్కాన్ చేసే అమ్మాయి చాలా శుభ్రంగా చేసింది, నాయిన పాత పుస్తకం పేజీలు చిరిగిపోకుండా ఒక్కొక్కటి తిప్పి తీసింది, ఆ ఫైలే మళ్లీ నాకు పనికొచ్చింది. చాయ్ బాగుంది. గొడవ పడితే రెండు వేలు వాపస్ ఇచ్చారు, నాలుగున్నర వేలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. లైసెన్స్ తేదీ అయిపోవస్తోంది ఎట్లా అంటే "పదిహేను రోజులు అటిటైతే ఏం కాదన్నా" అన్న సలహా మాత్రం ప్రమాదకరం. తేదీ దాటిన మర్నాటి నుంచి తుపాకి ఇంట్లో ఉంచుకోవడమే నేరం, ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. మాకు ఆ అలవాటు ఉంది, 2023 అసెంబ్లీ ఎన్నికలకు ఒకసారి, 2024 లోక్‌సభ ఎన్నికలకు ఒకసారి అప్పజెప్పి తెచ్చుకున్నాం. రెన్యువల్ కనీసం రెండు నెలల ముందే పెట్టుకోండి.

తర్వాత మా అల్లుడు, అదే కొత్తగా వచ్చిన అల్లుడు, ల్యాప్‌టాప్ ముందేసుకుని ఒక ఆదివారం కూర్చున్నాడు. జిల్లా నారాయణపేట, కారణం వారసత్వం, నాయిన లైసెన్స్ మీదున్న యూఐఎన్ (గుర్తింపు) నంబరు, ఆయన రాసిచ్చిన ఒప్పుకోలు, మా అక్క దగ్గర అభ్యంతరం లేదన్న కాగితం. రెండున్నర గంటలు పట్టింది, మధ్యలో భోజనం కూడా చేశాం. ప్రింట్లు తీసుకుని ఆఫీసులో ఇచ్చొచ్చాను. కౌంటర్ దగ్గర నాలాంటి రైతు ఒకాయన తుపాకి వస్తే పందులను కాల్చొచ్చు కదా అని అడుగుతున్నాడు. అట్లా కుదరదు, లైసెన్స్ తుపాకికి, పందికి అనుమతి వన్యప్రాణి చట్టం కింద విడిగా ఉండాలి. ఆయన మొహం చూస్తే పాపమనిపించింది, ఆయన చేను కూడా పల్లేనంట.

ఇప్పుడు మిగిలింది ట్రైనింగ్, ఎస్-1 సర్టిఫికెట్. నాయినకు ఈ ట్రైనింగ్ అనే ముక్కే నచ్చలేదు. ముప్పై ఏళ్లు పట్టినోణ్ణి ఇంట్ల పెట్టుకుని బయటోని దగ్గర నేర్చుకుంటవా, నేనే నేర్పిస్త, కాగితం తేపో సంతకం పెడ్త అంటున్నాడు. ఆయన సంతకం చెల్లదని నేనింకా చెప్పలేదు.