గుడ్డతో గెడ్డను ఆపొచ్చా? సిల్ట్ ఫెన్స్‌తో నాలుగు వానాకాలాలు

కొన్న వారానికే రాసే సమీక్ష కాదిది. 2022 నుంచి 2025 దాకా నాలుగు వానాకాలాలు ఒకే సైట్‌లో, ఒకే వాలు మీద సిల్ట్ ఫెన్స్, అంటే వాన నీటితో మట్టి కొట్టుకుపోకుండా కట్టే గుడ్డ కంచె, వాడాక రాస్తున్నాను. మార్కులు ముందే చెప్పేస్తాను. గుడ్డకి ఐదుకి నాలుగు. మొదటి ఏడాది మేం దాన్ని పాతిన తీరుకి సున్నా.

మాది శ్రీకాకుళం జిల్లా. పని మాత్రం చాలా ఏళ్ళుగా ఒడిశాలోనే, రాయగడ జిల్లా గుణుపురం వైపు. ఇక్కడ సంతకెళ్ళినా, టీ కొట్టు దగ్గర నిలబడ్డా తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి. మా మేస్త్రీలు పాతపట్నం, మెళియాపుట్టి వాళ్ళు. జేసీబీ నడిపేది ఇక్కడి కుర్రాడు. నేను సైట్ సూపర్‌వైజర్ని. తొమ్మిదెకరాల వాలు నేలలో క్వార్టర్ల కాలనీ కడుతున్నాం. పైన కొండ, కింద వరి మళ్ళు, మళ్ళు దాటితే గెడ్డ, అంటే వాగు. ఆ గెడ్డ పోయి వంశధారలో పడుతుంది. వంశధార నీళ్ళు గొట్టా బ్యారేజీ దగ్గర మా జిల్లా కాలవల్లోకి తిరుగుతాయి. అంటే నేనిక్కడ వదిలేసిన మట్టి చివరికి మావాళ్ళ పొలాల వైపే పోతుంది. మొదటి ఏడాది ఇది నా బుర్రకి తట్టనే లేదు.

ఫెన్స్ కొన్నది కూడా మట్టి మీద ప్రేమతో కాదు, కాయితాల కోసం. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటింది కాబట్టి 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి, ఒడిశా కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి వేరే. షరతుల్లో వాన నీటితో మట్టి బయటికి పోకూడదని ఒక వాక్యం ఉంది. షరతులు ఎలా అమలవుతున్నాయో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక పంపాలి. ఈ రెండు తేదీలూ చూడండి: ఒకటి వానలు పడకముందు, రెండోది పోయాక. నివేదికలో ఫోటోలు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటాయి, మట్టి కొట్టుకుపోయేది మధ్యలో. చిన్న సైట్ కదా మాకివేవీ పట్టవు అనుకునేవాళ్ళకి ఒక మాట. 1974 నీటి చట్టం 24వ సెక్షన్‌కి విస్తీర్ణం లెక్క లేదు. తెలిసుండి కలుషితాన్ని వాగులోకి పోనిస్తే రెండు గదుల ఇల్లు కట్టేవాడికైనా అది వర్తిస్తుంది.

ఇక సరుకు సంగతి. నేసిన పాలీప్రొపిలీన్ గుడ్డ, నల్లగా ఉంటుంది, ఎండకి తట్టుకునే రకం, 90 సెంటీమీటర్ల వెడల్పు చుట్టలుగా వచ్చింది. అందరూ దీన్ని జల్లెడ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికిది చిన్న కట్ట. నీళ్ళు దీని వెనక కాసేపు నిలబడాలి, నిలబడితే ఇసుకా బరువైన మట్టీ కిందికి దిగాలి, తర్వాత నీరు మెల్లగా ఊరుతూ పోవాలి. పారే నీటికి అడ్డంగా కట్టి వడపోయమంటే దీని వల్ల కాదు.

మా కాంట్రాక్టరు మొదట గ్రీన్ నెట్ తెప్పించాడు. రేటులో మూడింతల తేడా, నల్లగా ఉంటేనేం పచ్చగా ఉంటేనేం అన్నాడు. నర్సరీ మొక్కలకి నీడనిచ్చే ఆ వల రెండు వానలకే చిరిగి కర్రలకి జెండాల్లా వేలాడింది. అప్పుడు అసలు గుడ్డ వచ్చింది. వచ్చేసరికి జులై. తొందరలో కందకం తవ్వకుండా, అడుగు అంచు మీద రాళ్ళు పేర్చి, కర్రలకి కట్టేశాం. పైగా నేరుగా గెడ్డలోకి పోయే గోర్జికి అడ్డంగా కూడా ఒక ముక్క కట్టాం, చూడ్డానికి బాగుంటుందని.

ఆ రాత్రి మూడు గంటలకి వాన మొదలైంది. టార్చి పట్టుకుని వెళ్ళేసరికి గోర్జిలో కట్టిన ముక్క లేనే లేదు, కర్రలతో సహా పోయింది. మిగతా ఫెన్స్ నిలబడే ఉంది, దండెం మీద ఆరేసిన పంచెలా. దాని అడుగు నుంచి ఎర్రనీళ్ళు బుసబుసా పోతున్నాయి. తెల్లారాక కింద మడి పెద్దాయన వచ్చాడు. ఆకుమడి మీద బెత్తెడు మట్టి మేట వేసింది. మనిషి అరవలేదు. ఫెన్స్ ని ఒక చేత్తో పట్టుకుని ఊపి, "ఏటి బావూ, గుడ్డతో గెడ్డని ఆపెద్దారనుకున్నారేటి?" అన్నాడు. నారు కొనిచ్చాం. ఆ మాట మాత్రం సైట్‌లో సామెతైపోయింది. ఏ పని తేడా చేసినా మేస్త్రీలు "గుడ్డతో గెడ్డ" అంటారు.

రెండో ఏడాది ఎలా పాతాలో రాసిన కాయితం చదివి పాతాం. 15 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు కందకం తవ్వి, గుడ్డ అంచు అందులోకి దింపి, మట్టి వేసి దిమ్మెసతో కొట్టాం. రెండేసి మీటర్లకి ఒక కర్ర, అదీ పల్లం వైపున. అన్నిటికంటే ముఖ్యం ఫెన్స్ వాలుకి అడ్డంగా ఒకే మట్టంలో పోవడం. సరిహద్దు గోడ వెంబడి తిన్నగా కడితే నీళ్ళన్నీ దాని వెంటే పరుగెత్తి పల్లపు మూల దగ్గర బద్దలు కొడతాయి. మాకు ఖరీదైన పరికరమేమీ అక్కర్లేకపోయింది. పునాదులకి వాడే ట్యూబ్ లెవెల్ (మట్టం చూసే నీళ్ళ గొట్టం) తో ఇద్దరు కుర్రాళ్ళు ఒక పూటలో సున్నం గీత గీసేశారు. రెండు చివర్లూ మెరక వైపు వంచాం, లేకపోతే నీరు పక్కనుంచి తప్పించుకుంటుంది. ఇంకో లెక్క గుర్తుంచుకోండి: 30 మీటర్ల ఫెన్స్ కి పావెకరం నేల మీద పడ్డ నీళ్ళకి మించి రాకూడదు. మాకు ఎన్ని ఎకరాల నీళ్ళు వస్తున్నాయో అప్పటికి ఎవరం చూడలేదు.

అది చూసిన రోజు నాకు బాగా గుర్తు. 2023 ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన ఆగేలా లేదు, పని బందు. గొడుగేసుకుని సరిహద్దు చుట్టూ నడిచాను. సైట్ లోపల పడ్డ వాన కంటే పై కొండ నుంచి దిగుతున్న నీళ్ళే ఎక్కువ. అవి లోపలికి వచ్చేటప్పుడు తేటగా, గులకరాళ్ళు కనపడేంత తేటగా ఉన్నాయి. మా కటింగ్ (మేం కోసిన వాలు) మీదుగా జారి ఫెన్స్ దగ్గరికి చేరేసరికి ఎర్రగా. మన నీళ్ళు కాని నీళ్ళని లోపలికి పిలిచి, మురికి చేసి, కింద గుడ్డ కట్టి శుభ్రం చేయాలని చూస్తున్నాం! మర్నాడే జేసీబీ కుర్రాడికి చెప్పి పై సరిహద్దు వెంట కాలవ తవ్వించి, తవ్విన మట్టిని ఇవతల గట్టు చేయించాను. కాలవలో అక్కడక్కడా రాళ్ళ అడ్డుకట్టలు వేశాం. వాటి నడుమ భాగం రెండు పక్కల కంటే పల్లంగా ఉండాలి, లేదంటే నీరు ఒడ్డు కోసుకుపోతుంది. రెండు రోజుల జేసీబీ బాడుగ. మూడేళ్ళ గుడ్డ ఖర్చు కంటే ఆ రెండు రోజుల బాడుగే ఎక్కువ పనిచేసింది. తర్వాత పడ్డ పెద్ద వానలకి ఫెన్స్ వెనక మోకాలెత్తు నీళ్ళు నిలవడం మానేసి చీలమండ దాకే నిలిచాయి. అందుకే ఈ గుడ్డ కొంటానని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు పై కాలవ తవ్వావా అని అడుగుతాను.

ఇక నాకు నచ్చని గుణం. ఇది రంగును ఆపదు. ఇక్కడిది ఎర్ర బంకమట్టి. నమ్మకం కలగక ఫెన్స్ దాటిన నీళ్ళని ఒక గాజు సీసాలో పట్టి ఆఫీసు కిటికీలో పెట్టాను. ఇసుక చూస్తుండగానే అడుక్కి పోయింది. సాయంత్రానికి ఇంకో పొర దిగింది. మూడో రోజు కూడా పైన నీళ్ళు పాలెక్కువైన టీ రంగులోనే ఉన్నాయి. లెక్క ప్రకారం సన్న ఇసుక రేణువు నిలకడ నీటిలో మీటరు దిగడానికి రెండు నిమిషాల పైన పడుతుంది, ఒండ్రు రేణువుకి మూడు గంటల పైన, బంక రేణువుకి పది రోజులు దాటుతుంది. ఏ ఫెన్స్ వెనకా నీరు పది రోజులు నిలవదు కదా. వాగులోకి వదిలే నీటిలో తేలే మట్టి లీటరుకి 100 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. మా ఎర్రనీళ్ళు ఉత్త గుడ్డతో ఆ గీత కిందికి రావు.

దానికి నీళ్ళని నిలబెట్టి మట్టి దిగనిచ్చే మడుగే దిక్కు. అమెరికా నిబంధనల్లో ఎకరానికి 3,600 ఘనపుటడుగులు, అంటే సుమారు 100 ఘనపు మీటర్ల మడుగు అని ఉంది. పై నీళ్ళు మళ్ళించాక ఆ లెక్క మాకు సరిపోయింది, మళ్ళించకముందైతే చెరువే తవ్వాలి. పునాది గోతుల నీళ్ళు కూడా నేరుగా బయటికి తోడకుండా మడుగులోకే పంపాం. మడుగులో పంపు గొట్టం అడుక్కి వేస్తే దిగిన మట్టంతా మళ్ళీ పైకొస్తుంది. మా ఎలక్ట్రీషియన్ ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముకి ఫుట్‌వాల్వ్ (నీళ్ళు లాగే గొట్టం చివరి కవాటం) కట్టి తేలేలా చేశాడు. అది పైనున్న తేట నీళ్ళనే లాగుతుంది. కొన్నిసార్లు పటిక వాడాం. ముందు బకెట్లో వేసి ఎంత చాలుతుందో చూసుకోవాలి, ఎక్కువైతే నీళ్ళు పుల్లబడతాయి, వదిలే నీటి పీహెచ్ 5.5కి తగ్గకూడదు. కాంక్రీటు మిక్సర్ కడిగిన నీళ్ళది దీనికి తలకిందులు వ్యవహారం, ఒంటికి తగిలితే మండే క్షారం. దానికి ప్లాస్టిక్ పట్టా పరిచిన వేరే గొయ్యి. ఆ నీటిని ఈ మడుగులో కలపనివ్వకండి.

రిజిస్టరు గురించి కూడా చెప్పాలి, ఫెన్స్ తో పాటు వచ్చిన తద్దినం అదే. కన్సల్టెంట్ ఇచ్చిన తనిఖీ పట్టిక అమెరికా పర్మిట్ చూసి చేసినది. అక్కడ ఎకరం, ఆపైన నేల కదిపితే వాన నీటి పర్మిట్ ఉండాలి. పావు అంగుళం వాన పడితే 24 గంటల్లో సైట్ చూసి రాయాలన్నది అందులో ఒక పద్ధతి. పావు అంగుళం అంటే ఆరు మిల్లీమీటర్ల చిల్లర. జులై, ఆగస్టుల్లో మాకది చినుకుల కింద లెక్క. మొదటి ఏడాది నేనేం చేశానంటే, నవంబరులో ఒక ఆదివారం కూర్చుని జూన్ నుంచి మొత్తం నింపేశాను. తనిఖీకి వచ్చిన అధికారి పేజీలు తిప్పి, హాజరు పట్టీ తెప్పించుకుని, రెండూ పక్కపక్కన పెట్టాడు. ఆగస్టు 15న హాజరు పట్టీలో "సెలవు". నా రిజిస్టరులో "తనిఖీ చేశాం, అంతా బాగుంది". ఆయన ఏమీ అనలేదు, పెన్ను మూత పెట్టుకున్నాడంతే. ఆ మరుసటి ఏడు సిమెంటు గోడౌన్ పక్కన స్తంభానికి వాన కొలిచే గొట్టం బిగించాం. పొద్దున్నే కాపలాదారు అంకె చెప్తాడు, నేను ఒక చుట్టు తిరిగి నాలుగు ముక్కలు రాస్తాను: ఎక్కడ తెగింది, ఎక్కడ మట్టి మూడో వంతు ఎత్తుకి చేరింది, ఎవరికి చెప్పాను, ఎప్పుడు తీశారు. మూడో వంతు దాటనిస్తే తర్వాతి వానకి ఫెన్స్ వంగిపోతుంది. ఇప్పుడు ఆ పేజీల మీద మట్టి వేళ్ళ ముద్రలున్నాయి.

మన్నిక ఎలా ఉందంటే, గుడ్డ రెండేళ్ళు నిక్షేపంగా ఉంది, మూడో వేసవికి కర్రల దగ్గర పీలికలైంది. కర్రలైతే నీలగిరివి, వంటచెరకుకి పోయేవి. ఇనుప కడ్డీలకి మారాక అవి ఇంకా తొందరగా మాయమయ్యాయి, మళ్ళీ కర్రలకే వచ్చాం. మేకలకి మాత్రం దీని మీద ఇష్టం లేదు, అదొక అదృష్టం.

తిత్లీ తుఫాను గుర్తుందిగా, 2018 అక్టోబరులో పక్క గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషుల మీద పడ్డాయి. అందుకే నిలువు కటింగ్ ల దగ్గర గుడ్డను నమ్ముకోలేదు. కోనసీమ నుంచి కొబ్బరి పీచు చాపలు తెప్పించి పరిచి, మేకులు దిగేసి, మధ్యలో వట్టివేరు నాటాం. పీచు రెండు మూడేళ్ళకి కుళ్ళిపోతుంది, ఆలోపు వేళ్ళు పట్టుకోవాలి. పట్టుకున్నాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కూడా ముసురు దంచింది. తెల్లారి చూస్తే రెండు చోట్ల ఫెన్స్ ఒరిగింది, ఒకచోట కాలవ గట్టు తెగింది, వట్టివేరు నాటిన వాలు మాత్రం కదల్లేదు. కింద మళ్ళలో చేను పడిపోయింది కానీ అది గాలికి. మట్టి మేట లేదు.

కాలనీ పని దాదాపు అయిపోయింది, ఫెన్స్ ఊడదీస్తున్నాం. మొన్న పెద్దాయన మళ్ళీ వచ్చాడు. పనికొచ్చే ముక్కలు ఉంటే పది మీటర్లు ఇమ్మన్నాడు, కళ్ళంలో ధాన్యం ఆరబోసుకోడానికట. ఎండకి బాగా తట్టుకుంటుంది కదా అన్నాడు. నీకెలా తెలుసు అని అడిగితే నవ్వాడు. రెండో ఏడాది మూల దగ్గర మాయమైన గుడ్డ చుట్ట సంగతి నాకప్పుడు అర్థమైంది. పది కాదు, పదిహేను మీటర్లు కొలిచి ఇచ్చాను.