ప్రెస్‌కి ఇచ్చే ఫైళ్లకు స్క్రైబస్: ఏడేళ్లుగా వాడుతున్న అనుభవంతో

పుస్తకాల కవర్లు, శుభలేఖలు, చిన్న కవితా సంపుటాలు ఏడేళ్లుగా పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లోనే చేసి ఆఫ్‌సెట్ ప్రెస్‌కి ఇస్తున్నాను. అంతకుముందు అందరిలాగే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. స్క్రైబస్ 1.4లో యూనికోడ్ తెలుగు (ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో వాడేది; అను ఫాంట్లది వేరే పద్ధతి) టైప్ చేస్తే వత్తులు విడిపోయేవి, 2017లో 1.5.3 వచ్చాకే అక్షరం అక్షరంలా కూర్చుంది. ఉచితం కాబట్టి వాడుతున్నానని అనుకుంటారు గానీ, నాకు అందులో నచ్చింది వేరే: ఏ రంగు ఏ ప్లేట్‌లోకి (నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఇంకులకు ఒక్కోదానికి ఒక్కో ప్లేట్ ఉంటుంది) వెళ్తుందో ప్రెస్ గడప తొక్కకముందే చూపిస్తుంది.

దాని విలువ ఒక శుభలేఖతో తెలిసింది. ఐదొందల కార్డులు వచ్చాక చూస్తే సన్న అక్షరాలన్నీ మసకగా ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను. ‘లక్ష్మి’లో వత్తులకు ఒక పక్క ఎర్రటి నీడ, ఇంకో పక్క నీలం నీడ, మధ్యలో ఉండాల్సిన తెల్లటి సందు పూడిపోయింది. నేను పెట్టింది ఉత్త నలుపే, కానీ పీడీఎఫ్ తీసేటప్పుడు కలర్ ట్యాబ్‌లో ‘స్క్రీన్/వెబ్’ అని ముందే ఉన్నదాన్ని ‘ప్రింటర్’కి మార్చలేదు. దాంతో రంగులన్నీ ఆర్‌జీబీ (తెర కోసం వాడే రంగుల పద్ధతి) అయిపోయాయి, ప్రెస్‌లో ఆ నలుపు నాలుగు ప్లేట్లకూ పంచుకుపోయింది, రిజిస్ట్రేషన్, అంటే ఒక ప్లేట్ మీద ఇంకోటి సరిగ్గా పడటం, వెంట్రుకవాసి తప్పితే చాలు మన వత్తులు తట్టుకోవు. ఇంగ్లిష్ అక్షరాలైతే ఇంత తేడా కనిపించదు.

అప్పటినుంచి ప్రతి ఫైల్‌నీ ఔట్‌పుట్ ప్రివ్యూలో తెరిచి నలుపు ఒక్కటే ఆపేస్తాను. మ్యాటర్ మొత్తం మాయమైతే సరే, ఎక్కడైనా లేత బూడిదరంగులో అక్షరం మిగిలితే అది నాలుగు రంగుల నలుపన్నమాట, వెనక్కి వెళ్లి సరిచేస్తాను. ఇంకు ఎంత పడుతుందో కూడా అక్కడే కనిపిస్తుంది. ఆర్ట్ పేపర్ మీద నాలుగు ఇంకుల శాతాలూ కలిపి 300 దాటనివ్వను, దాటితే ఆరక పై షీటు వెనక్కి అంటుకుంటుంది.

బ్లీడ్, అంటే కటింగ్ కోసం పేజీ అంచు దాటించి పెట్టే రంగు, సంగతి కూడా ఇలాంటిదే. డాక్యుమెంట్‌లో నాలుగు వైపులా 3 మి.మీ. ఇచ్చినంత మాత్రాన సరిపోదు, పీడీఎఫ్ తీసేటప్పుడు ‘యూజ్ డాక్యుమెంట్ బ్లీడ్స్’ దగ్గర టిక్ పెట్టాలి, లేకపోతే కటింగ్‌లో అంచున తెల్ల గీత వచ్చేస్తుంది.

ఫొటోల కోసం ప్రీఫ్లైట్‌లో (ప్రెస్‌కి పంపేముందు ఫైల్‌లో తప్పులు వెతికే చోట) కనీస రిజల్యూషన్ అంగుళానికి 300 పిక్సెళ్లు పెట్టుకున్నాను, తక్కువ ఉంటే అదే పట్టిస్తుంది. రచయితలు వాట్సాప్‌లో పంపే ఫొటో 1600 పిక్సెళ్లకు కుదించుకుపోయి వస్తే దాన్ని పదమూడున్నర సెంటీమీటర్లకు మించి వాడలేం. అందుకే, “అన్నా, ఫొటోలా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి” అని ముందే చెప్పేస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక ప్రెస్‌లో నా పీడీఎఫ్‌ని కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కార్డులు పక్కపక్కన పేర్చుకున్నారు, అక్కడ తెలుగు చెదిరిపోయింది. అలా చేస్తారని తెలిస్తే ఫాంట్స్ ట్యాబ్‌లో అక్షరాలన్నిటినీ ఔట్‌లైన్ చేసి, అంటే బొమ్మల్లా మార్చి ఇస్తున్నాను, కానీ ఆ తర్వాత ఒక్క అక్షరం దిద్దాలన్నా ఫైల్ మళ్లీ నా దగ్గరికే రావాలి. రెండు అంచులూ సమం చేస్తే మన పొడుగు మాటల వల్ల లైన్ మధ్యలో పెద్ద ఖాళీలు పడతాయి, వాటిని చేత్తో సర్దడానికి చాలా టైమ్ పడుతుంది. పాత అను మ్యాటర్ ఇస్తే ముందు యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫ్ మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే.

పెద్ద పుస్తకాలకు మాత్రం ఇప్పటికీ నెమ్మదే. 2024 జనవరిలో 1.6 వచ్చాక కొంత నయం గానీ, రెండొందల పేజీల నవలంతా ఒకే లింకు ఫ్రేముల్లో పోస్తే ఒక కామా దిద్దినా ఆగి ఆగి కదులుతుంది. నేను అధ్యాయానికో ఫైల్ చేసి, పీడీఎఫ్‌లు చివర్లో కలుపుతున్నాను.