మెమ్‌టెస్ట్86 ప్లస్: రోజుకో రకం బ్లూ స్క్రీన్ వస్తుంటే ముందు ఇది రన్ చెయ్యండి

నా పీసీ నేనే అసెంబుల్ చేసుకున్నా, పార్ట్స్ అన్నీ సికింద్రాబాద్ సీటీసీలో షాపు షాపు తిరిగి కొన్నవే, రెండేళ్లు ఏ గొడవా లేదు. మొన్న ఎండాకాలంలో మొదలైంది. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అని బ్లూ స్క్రీన్, రెండ్రోజులకి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, ఆ తర్వాత పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. మధ్యలో జిప్ ఫైల్ తీస్తే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ డేటా పాడైందని), రీస్టార్ట్ చేసి అదే ఫైల్ తీస్తే చక్కగా ఓపెన్ అవుతుంది. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తా, రెండు గంటల రెండర్ 90 శాతం దగ్గర పోతే నిజంగా ఏడుపొచ్చేది.

ఒక షాపుకి తీసుకెళ్తే విండోస్ మళ్ళీ వేసి 600 తీసుకున్నారు. మూడోరోజు మళ్ళీ అదే కథ. ఈసారి మదర్‌బోర్డ్ పోయింది మార్చాలి అన్నారు, ఏం టెస్ట్ చేశారన్నా అంటే జవాబు లేదు, ఇంటికి తెచ్చేసుకున్నా.

అప్పుడు వాడిందే ఈ మెమ్‌టెస్ట్86 ప్లస్, ర్యామ్‌లో తప్పులున్నాయేమో టెస్ట్ చేసే సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్. పేరులో ప్లస్ ఉందో లేదో చూస్కోండి, ప్లస్ లేని మెమ్‌టెస్ట్86 పాస్‌మార్క్ వాళ్లది, అదీ మంచిదే కానీ ఫ్రీ ఎడిషన్‌లో నాలుగు పాస్‌లతో (పాస్ అంటే టెస్టులన్నీ ఒక రౌండ్ పూర్తవడం) ఆగిపోతుంది. ప్లస్ పాత వెర్షన్లు యూఈఎఫ్‌ఐ (కొత్త రకం బయాస్) ఉన్న బోర్డుల్లో ఇబ్బంది పెట్టేవి, 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి ఆ సమస్య లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచే బూట్ చెయ్యాలి, నా బోర్డులో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్ కానివ్వని సెట్టింగ్) ఆఫ్ చేస్తేగానీ లోడ్ అవ్వలేదు. విండోస్ అసలు లేవకుండానే నడుస్తుంది కాబట్టి డ్రైవర్ తప్పా, వైరస్సా అనే అనుమానాలు అక్కడితో పోతాయి, నాకు బాగా నచ్చింది ఇదే.

నావి 8 జీబీ ర్యామ్ స్టిక్స్ రెండు, డీడీఆర్4 3200. రాత్రి పెట్టి పడుకున్నా, పొద్దున్నే లేచి చూస్తే స్క్రీన్ నిండా ఎర్రర్లు!! కానీ వెంటనే ర్యామ్ పోయిందని తేల్చేయకండి. ముందు బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆఫ్ చేసి మళ్ళీ టెస్ట్ చెయ్యండి, ఎర్రర్లు ఆగిపోతే స్టిక్ కన్నా ముందు స్పీడ్, వోల్టేజ్ సెట్టింగుల్నే అనుమానించాలి. నాకు ఆఫ్ చేసినా ఆగలేదు. స్టిక్స్ బయటికి తీసి కాంటాక్ట్స్ రబ్బరుతో మెల్లగా తుడిచి, ఒక్కో స్టిక్ ఒంటరిగా ఒకే స్లాట్‌లో పెట్టి చూశా. ఒకటి మూడు పాస్‌లు క్లీన్, రెండోది మొదటి పాస్‌లోనే ఎర్రర్, స్లాట్ మార్చినా అదే వరస. అంటే స్లాట్ బానే ఉంది, బోర్డూ బానే ఉంది, పోయింది ఆ ఒక్క స్టిక్కే. మదర్‌బోర్డ్ మార్చి ఉంటే డబ్బులూ పోయేవి, బ్లూ స్క్రీనూ అలాగే ఉండేది, తల్చుకుంటేనే బాధేస్తుంది.

ర్యామ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది, ఎర్రర్ స్క్రీన్ ఫోటో మెయిల్ చేస్తే మారుమాట్లాడకుండా తీసుకున్నారు, జతగా అమ్మే కిట్ కాబట్టి రెండూ కలిపి పంపమన్నారు. బిల్లు దాచుకోవడం ఇక్కడ పనికొచ్చింది.

లోపాలు కూడా చెప్తా. టైమ్ బాగా తింటుంది, నా 16 జీబీకి ఒక్క పాస్‌కే గంట దాటింది, అంతసేపూ పీసీ వేరే పనికి పనికిరాదు. ఏ స్టిక్ పోయిందో నాకు నేరుగా చూపించలేదు, విప్పి పెట్టి మనమే కనుక్కోవాలి. ఇంకా ఇది ర్యామ్ దారిలో ఉన్న తప్పులే పడుతుంది. మీకు ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరుతో బ్లూ స్క్రీన్ వస్తుంటే ముందు ఆ డ్రైవర్ సంగతి చూడండి, బ్లూ స్క్రీనే రాకుండా టప్పున ఆగిపోయి ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ ఎర్రర్ల చిట్టా) కెర్నల్ పవర్ 41, అంటే సరిగ్గా షట్‌డౌన్ అవ్వకుండా ఆగిందన్న ఎంట్రీ, మాత్రమే ఉంటే పవర్ సప్లై, ప్లగ్గు, యూపీఎస్ చూస్కోవాలి, దానికి ఇది పెద్దగా సాయం చెయ్యదు.

కొత్త స్టిక్స్ వచ్చాక ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి రాత్రంతా పెట్టా, సున్నా ఎర్రర్లు. అప్పట్నుంచి రెండర్ ఒక్కసారి కూడా ఆగలేదు. నా రేటింగ్ 5కి 4.5, ఆ సగం కోసింది టైమ్ కోసమే.