పెద్దమ్మ పెంచుతున్న పిల్లకు దత్తతా, గార్డియన్‌షిప్పా: ఏది మేలు?

పెంచిన తల్లికీ కన్న తండ్రికీ మధ్య పిల్ల కోసం జరిగే తగాదా టీవీ సీరియళ్లకు బాగా కలిసొచ్చిన కథ. నిండు కోర్టులో పిల్లను నిలబెట్టి "నీకు ఎవరు కావాలమ్మా?" అని జడ్జి అడగడంతో ఆ రోజు ఎపిసోడ్ ముగుస్తుంది. వాస్తవంలో, ఊహ తెలిసిన పిల్లల మాటను న్యాయమూర్తులు సాధారణంగా తమ ఛాంబరులో వింటారు. ఆ మాట ఒక్కటే తీర్పును నిర్ణయించదు. పిల్ల క్షేమమే ప్రధానం. పెంచిన ఆమె చేతిలో ఏ కాగితం ఉందన్న ప్రశ్న మాత్రం సీరియల్‌లో రాదు.

తల్లి గల్ఫ్‌కు వెళ్లడం వల్లనో, కన్నుమూయడం వల్లనో అమ్మమ్మ, పెద్దమ్మల దగ్గర పెరిగే పిల్లలు కోనసీమలో చాలామంది ఉన్నారు కనుక ఇక్కడ ఆ ప్రశ్నే ముఖ్యం. రాజోలు వైపు ఒక పదేళ్ల పిల్లను ఊహించుకుందాం: తల్లి లేదు, పెద్దమ్మే పెంచుతోంది, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకొని హైదరాబాదులో ఉన్నాడు, తల్లి వాటాగా వచ్చిన అర ఎకరం కొబ్బరితోట పిల్ల పేరున ఉంది.

1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, పెద్దమ్మకు అప్పటికే కూతురు ఉంటే మరో ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి వీల్లేదు. ఈ సంగతి తెలియక దత్తత పత్రం రాయించుకొని, నలుగురికీ భోజనాలు పెట్టి, నిశ్చింతగా ఉండిపోయేవారు ఉంటారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద బంధువుల దత్తతకు ఆ అడ్డంకి లేదు. 2022 నుంచి ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరే. అయితే తండ్రి సమ్మతి కావాలి. దత్తత అయ్యాక తల్లి నుంచి వచ్చిన తోట పిల్లదిగానే ఉంటుంది గానీ, తండ్రి ఆస్తిలో వారసత్వం పోతుంది.

గార్డియన్‌షిప్‌కు (అంటే పిల్లను, పిల్ల ఆస్తిని చూసుకునే చట్టబద్ధ బాధ్యతకు) 1890 నాటి చట్టం కింద, పిల్ల నివసించే ప్రాంతపు జిల్లా కోర్టులో పిటిషను వేయాలి. కోర్టు నియమించిన గార్డియన్, అనుమతి లేకుండా తోటను అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు, అయిదేళ్లకు మించి కౌలుకూ ఇవ్వలేరు. దింపు (కొబ్బరికాయల కోత) డబ్బు మీద కన్నేసే బంధువులున్న చోట ఇది చిన్న రక్షణ కాదు. కానీ తండ్రి జీవించి ఉండి, అనర్హుడు కాకపోతే, పిల్ల సంరక్షణకు మరొకరిని నియమించడానికి ఆ చట్టం 19వ సెక్షను ఒప్పుకోదు. పైగా పిల్లకు 18 నిండితే గార్డియన్‌షిప్ ముగుస్తుంది.

మూడోది ఫోస్టర్ కేర్. అది ప్రధానంగా అయినవారు లేని పిల్లలను బాలల సంక్షేమ సమితి వేరే కుటుంబానికి అప్పగించే ఏర్పాటు కనుక ఈ పిల్లకు వర్తించదు.

నా ఉద్దేశంలో తండ్రి సంతకం పెడితే కలెక్టరు ద్వారా దత్తతే మేలు; పెట్టక, పిల్లను పట్టించుకోక తిరుగుతుంటే, అతని అనర్హతను రుజువు చేసి గార్డియన్‌షిప్ అడగడమే మార్గం. అందుకోసం పిల్ల ఇక్కడే చదివినట్లు తెలిపే స్టడీ సర్టిఫికెట్లు, ఫీజు రసీదులు ఇప్పటి నుంచే దాచుకోవాలి.