ఎక్స్-రే పల్సార్‌కు తోడుగా ఏది మేలు: దృశ్యకాంతా, రేడియోనా?

ఎక్స్-రే జంటల్లోని పల్సార్లపై, అంటే సహచర నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటూ తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలపై, ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్న ఇది: ఎక్స్-రే డేటాకు తోడుగా ఇంకొక్క తరంగదైర్ఘ్యానికే వీలు దొరికితే దేన్ని ఎంచుకోవాలి? సహచరి బీఈ రకం నక్షత్రమైతే (చుట్టూ వాయువు బిళ్ల ఉన్న వేడి నక్షత్రం), నేను దృశ్యకాంతి వర్ణపటాన్నే ఎంచుకుంటాను.

1975లో ఏరియల్-5 ఉపగ్రహం కనుగొన్న ఏ 0535+26 అనే పల్సార్‌నే తీసుకుందాం. దాని స్పందన కాలం దాదాపు 103 సెకన్లు అనీ, 45 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి సైక్లోట్రాన్ రేఖను (అయస్కాంత క్షేత్రం వల్ల ఎక్స్-రే వర్ణపటంలో పడే పల్లాన్ని) బట్టి అయస్కాంత క్షేత్రం సుమారు 4 లక్షల కోట్ల గాస్ అనీ ఎక్స్-రేలే చెప్పాయి. అయితే అదంతా పదార్థం న్యూట్రాన్ నక్షత్రం మీద పడుతున్నప్పటి సంగతి. పడబోయే పదార్థం సహచరి చుట్టూ బిళ్లగా ఎలా పోగవుతోందో హైడ్రోజన్-ఆల్ఫా రేఖలో కనబడుతుంది. 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఆ రేఖను విడదీసి చూస్తే చాలాసార్లు నడుమ చిన్న పల్లం, ఇరువైపులా రెండు కొమ్ములు ఉంటాయి. మనవైపు వస్తున్న వాయువు నీలి కొమ్మును, దూరమవుతున్న వాయువు ఎర్ర కొమ్మును ఏర్పరుస్తాయి. కొన్ని నెలలకు ఎత్తు ఒక కొమ్ము నుంచి రెండోదానికి మారిందంటే, బిళ్లలోని దట్టమైన భాగం చోటు మారిందన్నమాట.

నా దృష్టిలో అసలు తేల్చేది కాలం. ఈ జంట కక్ష్య 111 రోజులు. 2020 నాటి లాంటి భారీ ఔట్‌బర్స్ట్‌లు (ఎక్స్-రే వెలుగు ఒక్కసారిగా పెరగడం) ఏళ్లకొకసారి వస్తాయి. బిళ్ల మార్పులు నెమ్మదిగా సాగుతాయి కనుక, వర్ణపటం ఎక్స్-రే పరిశీలన జరిగిన రోజే తీయాలన్న నిర్బంధం లేదు. సహచరి తొమ్మిదో తరగతి కాంతి గలది కాబట్టి మీటరు వ్యాసపు టెలిస్కోపు, ఓ మోస్తరు స్పెక్ట్రోగ్రాఫ్ చాలు. అలాంటిచోట ఏడాది పొడవునా కొద్దికొద్దిగా సమయం అడగవచ్చు. మృగశిర కార్తెలో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు గనుక అప్పటి ఖాళీ తప్పదు.

రేడియో సంగతి వేరు. రేడియో తరంగాలు వెలువరించే జెట్‌ను (వేగంగా చిమ్మే సన్నని ధారను) బలమైన అయస్కాంత క్షేత్రం పుట్టనివ్వదన్న నమ్మకాన్ని 2017లో స్విఫ్ట్ జె0243.6+6124 అనే మరో బీఈ జంట చెదరగొట్టింది; అది నిజంగా గొప్ప ఫలితం. కానీ ఆ రేడియో సంకేతం చాలా బలహీనం, పైగా ఎక్స్-రే తీవ్రతతో పోల్చాలంటే రెండు పరిశీలనలూ ఇంచుమించు ఒకే రోజుల్లో జరగాలి.

పరారుణం కూడా బిళ్లనే చూపుతుంది, దొరికితే వదులుకోవద్దు. అతినీలలోహితం ఇక్కడ ధూళిలో మసకబారుతుంది. సహచరి బీఈ రకం కాని హెర్క్యులిస్ ఎక్స్-1 పల్సార్ లాంటి చోట మాత్రం నా ఎంపిక మారుతుంది: అక్కడ ఎక్స్-రేలు సహచరి ముఖాన్ని వేడెక్కించడం వల్ల దాని వెలుగు 1.7 రోజులకొకసారి పెరిగి తగ్గుతుంది కనుక ఏకకాల పరిశీలనే ప్రాణం. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో అతినీలలోహిత, ఎక్స్-రే పరికరాలను కలిపి అమర్చింది ఇలాంటి పనికే.

బీఈ జంటలో భారీ ఔట్‌బర్స్ట్ ఇప్పటికే మొదలై ఉంటే, వర్ణపటాన్ని కొన్నాళ్లు పక్కనపెట్టి రేడియో సమయానికి వెంటనే దరఖాస్తు పంపండి. కొన్ని వారాల్లో ఆ వెలుగు తగ్గిపోతుంది.