రష్యాతో కూడంకుళం, అమెరికాతో కొవ్వాడ

చెన్నైలో మన ఇళ్ళకొచ్చే కరెంటులో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం వాటా ఉంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కట్టాలనుకున్న అణువిద్యుత్ కేంద్రం నుంచి ఇంకా ఒక్క యూనిట్ కూడా రాలేదు. రెండూ పరాయి దేశంతో ఒప్పందం మీద తలపెట్టినవే.

రష్యాతో (అప్పటి సోవియట్ యూనియన్‌తో) సంతకాలు 1988లో, రాజీవ్ గాంధీ, గోర్బచేవ్‌ల కాలంలో జరిగాయి. సోవియట్ యూనియన్ కూలిపోయి, పని ఏళ్ళ తరబడి ఆగినా, 2013లో మొదటి రియాక్టర్ గ్రిడ్‌కు కలిసింది. సామర్థ్యం 1000 మెగావాట్లు. రియాక్టర్‌తోపాటు ఇంధనమూ రష్యావాళ్ళే ఇస్తారు. ఈ భరోసా చిన్నది కాదు. 1974 పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత తారాపూర్ అణువిద్యుత్ కేంద్రానికి అమెరికా ఇంధనం ఆగిపోయిన అనుభవం మనకుంది.

అమెరికాతో 2008 నాటి పౌర అణు ఒప్పందం (123 ఒప్పందం) వల్ల మేలే జరిగింది. ఇతర దేశాల నుంచి యురేనియం కొనే దారి తెరుచుకుంది. కానీ అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ నుంచి కొవ్వాడకు అనుకున్న ఆరు రియాక్టర్లు కాగితం దాటలేదు. ప్రమాదం జరిగితే రియాక్టర్ల సరఫరాదారునూ బాధ్యుణ్ణి చేసిన 2010 చట్టం దగ్గరే పేచీ వచ్చింది. భోపాల్ చూసిన దేశం ఆ చట్టం రాసుకోవడం న్యాయమే అంటాను. 2017లో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేయడంతో ఇంకా ఆలస్యమైంది.

ఇప్పటికైతే నా ఓటు రష్యా పద్ధతికే. కొవ్వాడ కడతారో లేదో అక్కడి మత్స్యకారులకు ప్రభుత్వం ముందు తేల్చి చెప్పాలి.